పది గోల్స్ తిన్న టీంకి మూడో మ్యాచ్ ఎందుకు ఉండాలి



ఆగస్టు 9 పోటీల గురించి గ్రూప్‌లో నాలుగు రోజులుగా మాటలు నడుస్తున్నాయి. వాలీబాల్ పెడదాం, ఎంట్రీ ఫీజు ఇంత, ప్రైజు ఇంత, భోజనాలు ఎవరు చూస్తారు అని అన్నలు రాశారు. అన్నీ బాగున్నాయి. ఒక్క మాట దగ్గరే మేము ఆగిపోయాం. "ఎప్పటిలాగే నాకౌట్" అని ఉంది చూడండి, ఆ మాట దగ్గర. ఈ పోస్టు దాని మీదే. అయితే వాలీబాల్ సంగతి చెప్పే ముందు మేము 2025 జూన్‌లో చూసిన ఫుట్‌బాల్ సంగతి చెప్పాలి. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మా రూమ్‌లో నలుగురం. ఇద్దరిది చర్ల వైపు, ఒకరిది వెంకటాపురం, ఒకరిది గుండాల. నలుగురి ఇళ్ళల్లోనూ డిగ్రీ కాలేజీ మెట్టు ఎక్కింది మేమే మొదలు. మన ఊళ్ళల్లో వాలీబాల్, కబడ్డీ తప్ప ఫుట్‌బాల్ ఎక్కడ ఆడతారు? గురుకులంలో ఉన్నప్పుడు బంతిని తన్నాం గానీ రూల్స్ తెలిసి తన్నింది లేదు. కాలేజీ తెరిచాక, రాత్రిపూట ఏమీ తోచక, ఒక ఫోన్‌ని బోర్లించిన బకెట్టు మీద నిలబెట్టి చూడటం మొదలుపెట్టాం. ఒకరి డేటా అయిపోతే ఇంకొకరి హాట్‌స్పాట్. అట్లా నెల రోజులు గడిచింది.

మేము చూసింది క్లబ్ వరల్డ్ కప్. దేశాలు ఆడే వరల్డ్ కప్ వేరు, ఇది వేరు. ఒక్కో ఖండం నుంచి గెలిచి వచ్చిన క్లబ్బులు ఆడేది. ఇదివరకు ఏడు టీంలతో చిన్నగా జరిగేది. 2025లో మొదటిసారి 32 టీంలతో అమెరికాలో పెట్టారు, జూన్ 14 నుంచి జూలై 13 దాకా. 32 టీంలని నాలుగేసి చొప్పున 8 గ్రూపులు చేశారు. గ్రూప్‌లో ప్రతి టీం మిగతా మూడింటితో ఒక్కోసారి ఆడాలి. గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే 1, ఓడితే సున్నా. పైన ఉన్న ఇద్దరు ముందుకు, కింద ఇద్దరు ఇంటికి. ఆ తర్వాతే నాకౌట్. గ్రూపుల్లో 48 మ్యాచులు, నాకౌట్‌లో 15, మొత్తం 63.

మొదటి నుంచీ నాకౌటే పెట్టి ఉంటే 31 మ్యాచులతో అయిపోయేది. సగం ఖర్చు, సగం రోజులు. అయినా వాళ్ళు 63 పెట్టుకున్నారు. టీవీ డబ్బుల కోసం అని ఎవరైనా అంటే మేము కాదనం. అది కూడా ఉంది. కానీ అదొక్కటే అయితే ఈ పోస్టు రాసేవాళ్ళం కాదు.

జూన్ 15, ఆదివారం. మన టైం రాత్రి తొమ్మిదిన్నర. సిన్సినాటి అనే ఊళ్ళో జర్మనీ క్లబ్ బయెర్న్ మ్యూనిక్‌తో న్యూజిలాండ్ క్లబ్ ఆక్లాండ్ సిటీ ఆడింది. ఆక్లాండ్ వాళ్ళకి ఫుట్‌బాల్ ఉద్యోగం కాదు. ఒకాయన టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నాడు. గోల్‌కీపర్ మందుల గోడౌన్‌లో పనిచేస్తాడు. ఒకాయన ఇళ్ళ అమ్మకాలు చూస్తాడు, ఇంకొకాయన కూల్ డ్రింకుల కంపెనీలో సేల్స్. పగలంతా పని, సాయంత్రం ప్రాక్టీసు. అమెరికా రావడానికి పని దగ్గర సెలవు అడుక్కుని వచ్చినవాళ్ళు. అటువైపు బయెర్న్ ఆటగాళ్ళలో ఒక్కడి జీతంతో ఈ క్లబ్ ఎన్నేళ్ళు నడుస్తుందో మీరే ఊహించుకోండి.

హాఫ్ టైంకే 6-0. చివరికి 10-0. ముసియాలా అనే కుర్రాడు సెకండ్ హాఫ్‌లో దిగి మూడు కొట్టాడు. ఏడో గోల్ దాకా మేము నవ్వుకున్నాం. నిజమే, దాచేది ఏముంది? "ఏందిరా వీళ్ళు, మన గురుకులం టీం కూడా ఇంతకంటే నయం" అన్నాం. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఎనిమిదోది పడ్డాక కూడా ఆక్లాండ్ వాళ్ళు బంతిని మధ్యలో పెట్టి మళ్ళీ మొదలుపెడుతున్నారు. తొమ్మిదోది పడ్డాకా అంతే. గోల్‌కీపర్ లేచి గ్లౌజులు సర్దుకుని, పక్కనున్న డిఫెండర్‌కి ఏదో చెప్తున్నాడు. ఫోన్ కట్టేసి పడుకుందామా అని ఒకడు అడిగితే ఎవరమూ కదల్లేదు.

మర్నాడు క్లాసులో ఆ మ్యాచ్ మాట వచ్చింది. ముందు బెంచీలో ఒకతను, మంచివాడే, నోట్స్ కూడా ఇస్తుంటాడు, నవ్వుతూ అన్నాడు: "కోటా టీంలని పెడితే అంతేగా మరి." మమ్మల్ని చూసి అన్నాడని మేము అనం. చూడకుండా అన్నాడు. దాంతో ఇంకా ఎక్కువ గుచ్చుకుంది. మేము నలుగురం ఒకరి మొఖాలు ఒకరం చూసుకున్నాం. ఎవరమూ ఏమీ అనలేదు. సాయంత్రం రూమ్‌కి వచ్చాక మాత్రం అనాల్సినవన్నీ అన్నాం, గోడలతో.

అప్పుడు కూర్చుని లెక్క చూశాం. ఆ 32 సీట్లు ఎట్లా పంచారు? యూరప్‌కి 12. దక్షిణ అమెరికాకి 6. ఆసియాకి 4, ఆఫ్రికాకి 4, ఉత్తర, మధ్య అమెరికాకి 4. పసిఫిక్ దీవులున్న ఓషియానియాకి 1. ఆతిథ్యమిచ్చే దేశానికి 1. అంటే 32 మందీ కేటాయించిన సీట్లలోనే వచ్చారు. 12 సీట్లు తీసుకున్నవాళ్ళది మెరిట్ అయింది, 1 సీటు తీసుకున్నవాళ్ళది కోటా అయింది. ఇంకో సంగతి చూడండి. ఆతిథ్య దేశం సీటు ఇంటర్ మయామికి ఇచ్చారు. 2024లో అమెరికా లీగ్ కప్పు గెలిచింది లాస్ ఏంజిలస్ గెలాక్సీ. లీగ్ దశలో ఎక్కువ పాయింట్లు తెచ్చుకుందని మయామికి ఇచ్చామన్నారు. ఆ టీంలో మెస్సీ ఉన్నాడు. మెస్సీ లేకపోయినా అదే లెక్క చూసేవాళ్ళా అని మా అనుమానం. ఏదేమైనా మయామిని ఎవరూ కోటా టీం అనలేదు.

డబ్బు కూడా చూశాం. కేవలం పాల్గొన్నందుకు యూరప్ క్లబ్బులకి కోటీ 28 లక్షల డాలర్ల నుంచి 3 కోట్ల 81 లక్షల డాలర్ల దాకా. ఓషియానియా క్లబ్బుకి 35 లక్షల 80 వేలు. గ్రౌండ్ ఒకటే, 90 నిమిషాలూ ఒకటే, బంతీ ఒకటే. ఇంత తేడాతో దింపి, తర్వాత స్కోరు చూపించి "చూశావా" అంటారు.

ఇక రెండో మ్యాచ్. జూన్ 20న ఓర్లాండోలో పోర్చుగల్ క్లబ్ బెన్‌ఫికాతో. ఫస్ట్ హాఫ్ చివరి దాకా 0-0. మేము కళ్ళు నులుముకుని చూశాం. హాఫ్ టైంకి కాస్త ముందు పెనాల్టీ వచ్చింది, డి మారియా కొట్టాడు. తర్వాత ఉరుములు మెరుపులని ఆట రెండు గంటల పైన ఆపేశారు. మళ్ళీ మొదలయ్యాక కాళ్ళు కదల్లేదేమో, 6-0తో ముగిసింది. రెండు మ్యాచుల్లో 16 గోల్స్ తిన్నారు, ఒక్కటీ కొట్టలేదు. ముందుకు వెళ్ళే దారి మూసుకుపోయింది.

నాకౌట్ అయితే వీళ్ళ కథ జూన్ 15 రాత్రే అయిపోయేది. ప్రపంచానికి ఆక్లాండ్ సిటీ అంటే 10-0 అని మాత్రమే గుర్తుండేది.

మూడో మ్యాచ్ జూన్ 24న నాష్‌విల్‌లో. మన లెక్కలో 25వ తేదీ, అర్ధరాత్రి పన్నెండున్నర. ఎదురుగా బోకా జూనియర్స్. అర్జెంటీనాలో బ్యూనస్ ఎయిర్స్ రేవు దగ్గరి పేటలో 1905లో పుట్టిన క్లబ్, దక్షిణ అమెరికా కప్పు ఆరుసార్లు గెలిచింది. ముందుకు వెళ్ళాలంటే బోకా వాళ్ళు భారీ తేడాతో గెలవాలి. ఆక్లాండ్ మీద అది పెద్ద పనేమీ కాదని అందరూ అనుకున్నారు. 26వ నిమిషంలో ఒక బంతి పోస్టుకి తగిలి, గోల్‌కీపర్ ఒంటికి తగిలి లోపలికి పోయింది. ఈసారి గోల్‌కీపర్ వేరే కుర్రాడు, నేథన్ గారో. పాపం వాడి తప్పేమీ లేదు. కానీ సెల్ఫ్ గోల్ కింద వాడి పేరే రాశారు.

1-0. ఇంక వరస మొదలవుతుందని అనుకున్నాం. మొదలవలేదు. ఒకడు అడ్డంగా పడుకుంటున్నాడు, ఒకడు తలపెడుతున్నాడు, గారో రెండు చేతులా తోసేస్తున్నాడు. హాఫ్ టైం. మళ్ళీ మొదలైంది. మన టైం ఒంటిగంటన్నర దాటింది. 52వ నిమిషంలో ఆక్లాండ్‌కి కార్నర్ వచ్చింది. బంతి గాల్లో వచ్చింది. క్రిస్టియన్ గ్రే ఎగిరి తలతో కొట్టాడు. గోల్.

క్రిస్టియన్ గ్రే అంటే ఆ టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నాయన.

మేము ఎంత గట్టిగా అరిచామంటే, కింద ఫ్లోర్‌లో లైట్లు వెలిగాయి. వార్డెన్ సార్ కర్ర పట్టుకుని పైకి వచ్చారు. పాము వచ్చిందనుకున్నారట. ఫోన్ చూసి, "ఎవర్రా ఆడేది?" అని అడిగారు. చెప్పాం. "మనవాళ్ళా?" అన్నారు. కాదు సార్ అన్నాం. కాసేపు నిలబడి, "సౌండ్ తగ్గించండి" అని వెళ్ళిపోయారు. ఫోన్ తీసుకోలేదు.

తర్వాత వాతావరణం బాగాలేదని అక్కడా ఆట కొంతసేపు ఆపారు. మేము నిద్రపోకుండా కూర్చున్నాం. మళ్ళీ మొదలయ్యాక బోకా ఎంత కొట్టినా రెండోది పడలేదు. 1-1. అటు షార్లెట్‌లో బెన్‌ఫికా 1-0తో బయెర్న్‌ని ఓడించడంతో బోకా ఎలాగూ ఇంటికే. ఆక్లాండ్ కూడా ఇంటికే, గ్రూప్‌లో ఆఖరి స్థానంతో. మూడు మ్యాచులు, 1 గోల్ కొట్టి 17 తిన్నారు, 1 పాయింట్. ఆ డ్రాకి 10 లక్షల డాలర్ల బహుమతి కూడా వచ్చింది.

అన్నీ అయ్యాక 8 గ్రూపుల పట్టికలు వరసగా చూస్తే ఇంకో విచిత్రం కనిపించింది. ఒక్క పాయింట్ కూడా లేకుండా వెళ్ళిపోయిన టీంలు ఐదు ఉన్నాయి. అమెరికా సియాటిల్, జపాన్ ఉరావా, కొరియా ఉల్సాన్, మొరాకో విదాద్, మెక్సికో పచూకా. ఐదూ జీతాలిచ్చే ప్రొఫెషనల్ క్లబ్బులే. వాటికి రానిది సెలవు పెట్టుకుని వచ్చినవాళ్ళకి వచ్చింది.

ఇక్కడ మన వాళ్ళలో కొందరు "చూశారా, కోటావాళ్ళు నిరూపించుకున్నారు" అంటారు. మాకు ఆ మాట కూడా నచ్చదు. 1-1 రాకపోయినా, మూడోదీ 8-0 అయినా, ఆ సీటు వాళ్ళదే. పసిఫిక్‌లో గెలిచి వచ్చారు. ఎవరికో నిరూపించడానికి రాలేదు, ఆడటానికి వచ్చారు. మనం ప్రతి సెమిస్టర్‌కీ మన సీటుని మళ్ళీ మళ్ళీ సంపాదించుకోవాల్సి రావడం, పక్క బెంచీ వాడు ఫెయిలైతే "చదవలేదు" అనడం, మనం ఫెయిలైతే "కోటా" అనడం, దీని గురించి ఈ గ్రూప్‌లో కొత్తగా చెప్పేదేముంది.

అయితే ఇంకో మాట కూడా చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టు అవుతుంది. ఆక్లాండ్ సిటీ మనలాంటిది కాదు. అది పెద్ద నగరంలోని క్లబ్. న్యూజిలాండ్ బాగా ఉన్న దేశం. ఓషియానియాకి ఉన్న ఆ ఒక్క సీటు చుట్టూ చూస్తే దాదాపు ఎప్పుడూ ఆక్లాండే. ఆ ప్రాంతం కప్పు 13 సార్లు గెలిచారు. 2014లో పాత పద్ధతి క్లబ్ వరల్డ్ కప్‌లో మూడో స్థానం కూడా తెచ్చుకున్నారు. మరి మిగతా దీవుల వాళ్ళు? పాపువా న్యూగినీ అని ఒక దేశం ఉంది, 800కి పైగా భాషలు మాట్లాడతారు, ఎక్కువమంది కొండల్లో, అడవుల్లో ఉండేవాళ్ళే. అక్కడి హెకారి యునైటెడ్ అనే క్లబ్ 2010లో ఓషియానియా కప్పు గెలిచి అబుదాబీకి వెళ్ళింది. అప్పుడు గ్రూపులు లేవు. మొదటి మ్యాచే నాకౌట్. అక్కడి అల్ వహ్దాతో ఆడారు, 3-0తో ఓడారు, విమానం ఎక్కారు. అంతే. అంత దూరం నుంచి వచ్చి ఆడింది ఒక్క మ్యాచ్. 2025 ఏప్రిల్‌లో హోనియారాలో జరిగిన ఓషియానియా ఫైనల్‌కి హెకారి మళ్ళీ వచ్చింది, ఆక్లాండ్ చేతిలో 2-0తో ఓడింది.

హెకారికి 2010లో ఇంకో రెండు మ్యాచులు ఉండి ఉంటే ఏమయ్యేదో మాకు తెలియదు. ఇంకో రెండు ఓడేవాళ్ళేమో. కానీ ఆ కుర్రాళ్ళకి మూడో మ్యాచ్ అనేది ఒకటి ఉండేది. కోటాలో కూడా ముందున్నవాళ్ళకే మళ్ళీ మళ్ళీ దక్కడం, వెనకున్నవాళ్ళకి ఒకే ఒక్క ఛాన్స్ రావడం మన దగ్గర లేదా? రోడ్డు పక్క గూడెం వాళ్ళం మనం హాస్టల్‌కి చేరాం. గుట్ట మీద కొండరెడ్ల పిల్లలు, అటు నల్లమలలో చెంచుల పిల్లలు ఎంతమంది చేరారు? ఇది వేరే పోస్టుకి సరిపోయే సంగతి. ఇక్కడికి ఆపుతాం.

మా రూమ్‌లో మొదట ఐదుగురం. ఐదోవాడు మాకంటే తెలివైనవాడు, ఇంటర్‌లో మార్కులు కూడా ఎక్కువే. ఫస్ట్ సెమిస్టర్‌లో మూడు పేపర్లు పోయాయి. మాలో ఇద్దరికీ రెండేసి పోయాయి. మేము సీనియర్ అన్నని అడిగాం. "ఏం కాదురా, తర్వాత మళ్ళీ కట్టి రాయొచ్చు, నాకూ పోయినై" అన్నాడు. రాశాం, గట్టెక్కాం. వాడు ఎవర్నీ అడగలేదు. సంక్రాంతికి ఇంటికి వెళ్ళి తిరిగి రాలేదు. ఫోన్ చేస్తే "అయిపోయిందిలే" అన్నాడు. మిర్చి కోతకి పోతున్నాడని తర్వాత తెలిసింది. వాళ్ళింట్లో సెమిస్టర్ అంటే ఏంటో చెప్పేవాళ్ళు ఎవరున్నారు, మా ఇళ్ళల్లో మాత్రం ఎవరున్నారు. గురుకులం సీటు ఎంట్రన్స్‌తో వచ్చింది, తప్పితే లేదు. చీటీ తీసినా, పరీక్ష రాసినా, మనం చూసినవన్నీ ఒక్క దెబ్బతో తేలేవే. డిగ్రీ కూడా అంతే అనుకున్నాడు వాడు. మొదటి మ్యాచ్ ఓడాడు, బ్యాగు సర్దుకున్నాడు.

అందుకే మాకు ఈ గ్రూప్ స్టేజీ అనేది ఉత్త ఆటల పద్ధతిలా కనిపించలేదు.

ఎప్పుడూ ఓడేవాళ్ళకి దయ చూపించే పద్ధతి అని కూడా అనుకోకండి. అసలు లాభం బలమైనవాళ్ళకే. జూలై 13న ఫైనల్ ఆడింది ఎవరు? చెల్సీ, పీఎస్‌జీ. చెల్సీ 3-0తో గెలిచింది. ఇప్పుడు గ్రూపులు చూడండి. చెల్సీని బ్రెజిల్ క్లబ్ ఫ్లమెంగో 3-1తో ఓడించింది. పీఎస్‌జీని ఇంకో బ్రెజిల్ క్లబ్ బొటఫోగో 1-0తో ఓడించింది, అదీ పీఎస్‌జీ యూరప్ ఛాంపియన్ అయిన మూడు వారాల లోపే. ఫైనల్‌కి వచ్చిన ఇద్దరూ గ్రూప్‌లో ఒక్కోసారి ఓడినవాళ్ళే. మొదటి నుంచీ నాకౌట్ అయితే ఆ ఫైనలే లేదు. ఇంకో వైపు, గ్రూప్‌లో మూడుకి మూడూ గెలిచిన టీం మొత్తం 32లో ఒక్కటే, మాంచెస్టర్ సిటీ. అది నాకౌట్ మొదటి మ్యాచ్‌లోనే సౌదీ క్లబ్ అల్ హిలాల్ చేతిలో 4-3తో పోయింది. ఒక్క రోజు ఆట చూసి ఎవరు ఎంతవాళ్ళో చెప్పేయడం ఎంత ప్రమాదమో ఇంతకంటే ఎట్లా చెప్పాలి.

గ్రూప్ స్టేజీలో అన్యాయాలు లేవా అంటే ఉన్నాయి. అట్లెటికో మాడ్రిడ్ మూడింట్లో రెండు గెలిచింది, 6 పాయింట్లు, అయినా ఇంటికే. పీఎస్‌జీకి, బొటఫోగోకి కూడా ఆరేసి. ముగ్గురి మధ్య గోల్స్ తేడా చూస్తే, మొదటి మ్యాచ్‌లో పీఎస్‌జీ చేతిలో తిన్న 4-0 అట్లెటికో మెడకి చుట్టుకుంది. ఓటమిని క్షమిస్తుంది గానీ ఎంత తేడాతో ఓడావో గుర్తుపెట్టుకుంటుంది. దక్షిణాఫ్రికా మమెలోడి సన్‌డౌన్స్ ఇంకా బాధ. మమెలోడి అంటే వర్ణవివక్ష రోజుల్లో నల్లవాళ్ళని నగరం బయట ఉంచడానికి కట్టిన పేట. ఉల్సాన్ మీద గెలిచారు, జర్మనీ డార్ట్‌మండ్‌తో 4-3 దాకా పోరాడి ఓడారు, ఫ్లుమినెన్సెతో డ్రా చేశారు. 4 పాయింట్లు. ఒక్క గోల్ పడితే ముందుకు, పడలేదు. కానీ ఓడిన ఆ 4-3 మ్యాచ్‌లోనే వాళ్ళ రిబెయిరో సగం గ్రౌండ్ నుంచి బంతి తీసుకుపోయి కొట్టిన గోల్ ఉంది, దొరికితే చూడండి.

ఇక మన ఆగస్టు 9.

పోయినేడు ఒక చోట టోర్నమెంట్‌కి మా ఊరి టీం వెళ్ళింది. ఎంట్రీ 500. ట్రాలీ ఆటోకి 1500. 40 కిలోమీటర్లు, అందులో సగం మట్టిరోడ్డు. పది రోజులు పని మానుకుని సాయంత్రాలు ప్రాక్టీసు చేశారు. చీటీ తీస్తే మొదటి మ్యాచే టౌన్ టీంతో పడింది, అందులో ఇద్దరు స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగాలు చేసేవాళ్ళు. రెండు సెట్లు, 25 నిమిషాలు, అయిపోయింది. పొద్దున 11 గంటలకి ఇంటికి బయల్దేరారు. తెచ్చుకున్న అన్నం దారిలో చెట్టుకింద తిన్నారు. 16 టీంలు వస్తే అందులో 8 టీంలది ఇదే కథ. తర్వాతి ఏడు వాళ్ళు రారు. వచ్చేది మళ్ళీ ఆ నాలుగు టీంలే. గెలిచేదీ అవే. అప్పుడు మనమే అంటాం, "లోపలి ఊళ్ళ వాళ్ళకి ఆట రాదు" అని.

నాకౌట్ అయితే 16 టీంలకి 15 మ్యాచులు. నాలుగేసి టీంలతో 4 గ్రూపులు పెడితే గ్రూపుల్లో 24, ఒక్కో గ్రూప్ నుంచి మొదటివాళ్ళు సెమీస్, తర్వాత ఫైనల్, మొత్తం 27. టైం చాలదు అన్నారు కదా అన్నలు, చూద్దాం. మ్యాచ్‌కి 40 నిమిషాలు వేసుకున్నా 27కి 18 గంటలు. రెండు కోర్టులు గీస్తే 9 గంటలు. 8న మధ్యాహ్నం మొదలుపెట్టి 9న సాయంత్రానికి ముగించొచ్చు. రాత్రి ఉండేవాళ్ళకి స్కూల్ వరండా అడగాలి. వంట ఖర్చు పెరుగుతుంది, అది నిజం. ప్రైజు మనీ కొంచెం తగ్గించి వంటకి పెడదాం అని మా మాట. మొదటి ప్రైజు తగ్గితే టౌన్ టీంలు రావేమో అని ఒక అన్న రాశారు. రాకపోతే రానీయండి.

ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. గ్రూప్‌లో ఆఖరి రెండు మ్యాచులు ఒకే టైంకి, రెండు కోర్టుల మీద పెట్టాలి. ఎందుకంటే 1982 దేశాల వరల్డ్ కప్‌లో అల్జీరియా, పశ్చిమ జర్మనీని 2-1తో ఓడించి కూడా ఇంటికి పోయింది. అల్జీరియా మ్యాచులన్నీ ముందురోజే అయిపోయాయి. మర్నాడు పశ్చిమ జర్మనీ 1-0తో ఆస్ట్రియా మీద గెలిస్తే ఆ రెండు టీంలూ ముందుకు వెళ్తాయని ఇద్దరికీ తెలుసు. పదో నిమిషంలో గోల్ పడింది, మిగతా టైం అంతా బంతిని అటూ ఇటూ ఊరికే తోసుకున్నారు. ఆ తర్వాత వరల్డ్ కప్ నుంచి ఆఖరి మ్యాచులు ఒకేసారి పెడుతున్నారు. మన దగ్గర బావమరుదుల ఊళ్ళు ఒకే గ్రూప్‌లో పడితే ఇట్లాంటివి జరగవని ఎవరూ హామీ ఇవ్వలేరు. పాయింట్లు సమానమైతే సెట్ల తేడా, అదీ సమానమైతే మొత్తం పాయింట్ల తేడా. ఇది ముందే కాగితం మీద రాసి అన్ని టీంలకీ ఇవ్వాలి. అక్కడ గ్రౌండ్‌లో గొడవ పడొద్దు.

ఆ ఐదోవాడికి మొన్న ఫోన్ చేశాం. వాళ్ళ ఊరి టీంని తీసుకురమ్మన్నాం. "దేనికిరా, చీటీలో ఎవడో గట్టోడు పడతాడు, పోయి రావడానికి కూలి దండగ" అన్నాడు. మూడు మ్యాచులు గ్యారంటీ అని చెప్పేశాం. ఇంకా మీరెవరూ ఒప్పుకోకుండానే చెప్పాం, తప్పే. పరీక్ష ఫీజు ఆఖరి తేదీ కూడా చెప్పాం. దానికి ఏమీ అనలేదు.

కాబట్టి అన్నలూ, ఆదివారం లోపు చెప్పండి. ఒప్పుకోనివాళ్ళు కూడా ఎందుకు ఒద్దో రాయండి, చదువుతాం. షెడ్యూల్ మేము వేస్తాం. రెండో కోర్టుకి నెట్ కావాలి. మా హాస్టల్‌లో ఉన్నదానికి ఒక పక్క తాడు తెగింది, అది మేము కట్టుకుంటాం. ఇంకొకటి ఎవరి ఊళ్ళో ఉందో చూడండి.